కార్ల్ ఏక్లీ

ఆఫ్రికా ఖండము నడిబొడ్డున, భూమధ్యరేఖకు కొంచెము దక్షిణముగా, ఎడ్వర్డు సరస్సు అను నొక గొప్ప జలాశయము కలదు. దాని వైశాల్యము రమారమి 2,300 చదరపు కిలోమీటర్లు. పడమటి దెసను కొండలు గోడ కట్టినట్లు నిటారుగా లేచియుండును. ఉత్తరమున రువెంజోరి పర్వతములు మంచు తలపాగాలు చుట్టుకొని, ఏడాదిలో పెక్కు దినములు మబ్బుల చాటుననే దాగియుండును. వానిలో నత్యున్నతమైన శిఖరము ఎత్తు 5,109 మీటర్లు. దక్షిణమునుండి రువిండి, రుట్షురు అను నదులు పచ్చికబయళ్ళగుండ ప్రవహించి వచ్చి ఆ సరస్సులో కలియును. సెమ్లికి అను నది దానినుండి వెడలి ఆల్బర్టు సరస్సును చేరును. అచ్చటినుండి ఆ నీరు నైలునదిలో పడి, వేల మైళ్ళు నడచి, ఈజిప్టు దేశమున మధ్యధరా సముద్రమును జేరును.

ఆ సరస్సునందును, దానిలో కలియు నదులయందును నీటిగుఱ్ఱములు గుంపులు గుంపులుగా నివసించును. పగలెల్ల అవి నీట మునిగి, ముక్కులును చెవులును మాత్రము పైకి చూపుచుండును. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట గట్టెక్కి రాత్రియంతయు గడ్డి మేయును. మేసిన మేత పేడయై తిరిగి నీటిలో పడును. ఆ యెరువువలన నీటిలో నాచు పెరుగును. నాచు తిని చేపలు బలియును. చేపలను తిని గూడబాతులు, నీటికాకులు, గ్రద్దలు బ్రతుకును. ఒడ్డుననున్న పల్లెకారులును పడవలు వేసికొనిపోయి ఆ చేపలనే పట్టుకొందురు. నీటిగుఱ్ఱము కడుపు నిండినగాని పల్లెకారుని కడుపు నిండదన్నమాట. గట్టునుండి లోపలికి పోయిన కొలదిని ఆ బయళ్ళపై జింకల మందలు, అడవిదున్నలు, ఏనుగులు, వానిని పొంచియుండు సింహములు కనిపించును.

సరస్సునకు దక్షిణమున కొంతదూరము పోగా నేల మరల పైకి లేచును. అవి విరుంగా కొండలు. అన్నియు అగ్నిపర్వతములే. ఎనిమిదింటిలో న్యిరగోంగో, న్యామురగిర అను రెండు నేటికిని నిప్పులు గ్రక్కుచున్నవి. తక్కినవి చల్లారి, మొదట వెదురుతోపులతోను, ఆపైని నాచు వ్రేలాడు ముదుసలి చెట్లతోను, ఇంకను పైని మనిషిని మించిన ఎత్తు పెరుగు వింతమొక్కలతోను కప్పబడియున్నవి. నిత్యమును వాన, చలి, మంచుతెరలు. మికేనో, కరిసింబి, విసోకే అను కొండలయందు కొండగొరిల్లాలు కుటుంబములుగా జీవించును.

ఈ సరస్సును, ఈ బయళ్ళును, ఈ కొండలును కలిసిన ప్రదేశమే నేటి విరుంగా జాతీయవనము. ఇది కాంగో దేశమునకు తూర్పు సరిహద్దున రమారమి 7,800 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించియున్నది. ఆఫ్రికా ఖండమున జాతీయవనముగా మొదట ప్రకటింపబడిన దిదియే. దీనికి మూలపురుషుడు రాజు గాడు, రాజ్యాధికారి గాడు. జంతువులను చంపి, వాని తోళ్ళు నిలబెట్టుటయే వృత్తిగా జీవించిన ఒక అమెరికా దేశస్థుడు. అతని పేరు కార్ల్ ఏక్లీ.

ఏక్లీ 1864వ సంవత్సరము మే నెల 19వ తేదీని న్యూయార్కు రాష్ట్రములోని క్లారెండన్ అను పల్లెలో జన్మించెను. తలిదండ్రులు సేద్యము చేసికొని బ్రతుకువారు. ఇంట కలిమి లేదు. బాలునకు బడిచదువు కొద్దిపాటిగానే అబ్బెను. పొలము పనులలో మనసు నిలువలేదు. పక్షుల వెంబడి, ఉడుతల వెంబడి తిరుగుటయే అతనికి చదువు. పండ్రెండు పదుమూడేండ్ల యీడున పొరుగింటివారు పెంచుకొనుచున్న కెనెరీ పిట్ట చనిపోయెను. ఆ యింటివారు దుఃఖించుచుండగా ఏక్లీ ఆ పిట్టను తీసికొనిపోయి, చర్మమును జాగ్రత్తగా నొలిచి, లోపల కూర్చవలసినది కూర్చి, ప్రాణముతో నున్నదో యన్నట్లు తిరిగి తెచ్చియిచ్చెను. అదియే అతని చేతి మొదటి పని.

చచ్చిన జంతువుల చర్మములను బ్రతికియున్నట్లు నిలుపు ఈ విద్యకు రాచెస్టరు పట్టణములో వార్డు అనునాతని కార్యశాల పేరుపొందినది. అమెరికాలోని మ్యూజియములకు జంతువుల బొమ్మలు, ఎముకల గూళ్ళు అచ్చటినుండియే పోవుచుండెను. 1883వ సంవత్సరమున, పందొమ్మిదేండ్ల ప్రాయమున, ఏక్లీ ఆ వాకిట నిలిచెను. లోపలికి పోవుటకు ధైర్యము చాలక కొంతసేపు వీధిలో పచారు చేసి, కడకు తలుపు తట్టెను. పని దొరకెను. జీతము వారమునకు మూడున్నర డాలర్లు. భోజనమునకును వసతికిని పూటకూటింటివా రడిగినది నాలుగు డాలర్లు. లెక్క తెలిసినవాడెవడైనను ఆ సాయంకాలమే యింటికి తిరిగిపోయి యుండును. ఏక్లీ పోలేదు.

ఆ కాలమున ఈ పని మిక్కిలి మోటుగా జరుగుచుండెడిది. జంతువు తోలును కుట్టి, తలక్రిందుగా వ్రేలాడగట్టి, ఇంక పట్టదన్నంతవరకు గడ్డి దట్టించుచుండిరి. అట్లు నిలిపిన గుఱ్ఱము గుఱ్ఱము గాక గడ్డిబస్తావలె నుండెడిది. కండ లెక్కడ, ఎముక లెక్కడ, నడచునపుడు ఏ నరము బిగియును అను విచారము ఎవరికిని లేదు. ఏక్లీకి అది సరిపడలేదు. ఒక చారల గుఱ్ఱము శవము కార్యశాలకు వచ్చినపుడు, రాత్రులు మేలుకొని దాని దేహమునకు అచ్చు తీసి, క్రొత్తరీతిగా నిలుప యత్నించెను. పైవారు దానిని మెచ్చక పాత పద్ధతినే అనుసరించిరి. ఏక్లీ తీసిన అచ్చులు చెత్తకుప్ప పాలయ్యెను.

1885వ సంవత్సరమున ఒక గొప్ప పని వచ్చిపడెను. జంబో అను ఏనుగు ఆనాడు లోకప్రసిద్ధము. బార్నమ్ అను సర్కసు యజమాని దానిని ఊరూర చూపి ధనము గడించుచుండెను. ఆ యేట సెప్టెంబరు నెలలో కెనడా దేశమునందొక రైలుస్టేషను దగ్గర గూడ్సుబండి తాకి అది చనిపోయెను. ఏనుగు బ్రతికిన వెయ్యి, చచ్చిన వెయ్యి యను సామెతను బార్నమ్ వినియుండడు గాని, దాని సారమును బాగుగ నెరిగినవాడు. తోలు ఒకటిగాను, ఎముకల గూడు ఒకటిగాను రెండు జంబోలను నిలిపి యిమ్మని వార్డును కోరెను. ఆ పనికి పంపబడినవారిలో ఏక్లీ యొకడు. నెలల తరబడి శ్రమించి కొయ్యతో దేహము కట్టి, దానిపై ఆ తోలును పరచిరి. ఇరువదియొక్క యేండ్ల యువకునకు ఏనుగు శరీరనిర్మాణ మంతయు అప్పుడు కరతలామలక మయ్యెను.

పిమ్మట అతడు మిల్వాకీ నగరపు మ్యూజియములో చేరెను. అచ్చట 1890వ సంవత్సరమున నీటియొడ్డున గూళ్ళు కట్టుకొని బ్రతుకు ఒక జాతి ఎలుకలను వాని గూటితోను, రెల్లుతోను, నీటితోను సహా అమర్చి, వెనుక ప్రకృతిదృశ్యమును చిత్రించి, చూచువారికి కిటికీలోనుండి చెరువుగట్టును చూచుచున్నట్లు తోచునట్లు చేసెను. జంతువును ఒంటరిగా బల్లపై నిలుపుట కాక, అది బ్రతికిన చోటుతో కూడ చూపవలెనను తలపు ఇందులో నున్నది. ఆ చిన్న యెలుకల ఇల్లు నేటికిని ఆ మ్యూజియమున చెక్కుచెదరక యున్నది.

అతని పద్ధతి క్రమముగా ఇట్లు రూపొందెను. అడవిలో జంతువు పడిన వెంటనే కొలతలు తీయవలెను. ఛాయాచిత్రములు తీయవలెను. పిదప జంతువు ఎముకలను నిలిపి, వానిపై బంకమన్నుతో కండలన్నియు ఉన్నవి యున్నట్లు తీర్చవలెను. ఆ మంటిబొమ్మకు ప్లాస్టరుతో అచ్చు పోసి, అచ్చులో కాగితపు గుజ్జుతోను తీగెల వలతోను తేలికయైన డొల్లబొమ్మను చేయవలెను. దానిపై తోలును తొడుగవలెను. ఇది శిల్పి చేయు పనియే గాని గడ్డి కూరువాని పని గాదు.

1896వ సంవత్సరమున చికాగోలోని ఫీల్డు మ్యూజియమువారి పక్షమున ఏక్లీ మొదటిసారి ఆఫ్రికాకు పోయెను. సోమాలి దేశమున ఒక సాయంకాలము చీకటి పడుచుండగా పొదలో ఏదియో కదలెను. ఏ జంతువో చూడకయే తుపాకి ప్రేల్చెను. వేటగాడు చేయరాని పని అది. పొదలోనుండి చిరుతపులి గుర్రుమనెను. మరల కాల్చగా గుండు దాని వెనుకకాలి పాదమునకు మాత్రము తగిలెను. తుపాకిలో గుండ్లు అయిపోయెను. ఇంకొక గుండు కూరులోపలనే అది ఎగిరి మీద పడి అతని కుడిచేతి దండను కఱచి పట్టుకొనెను.

చిరుత వెనుకకాళ్ళతో మనిషి కడుపు చీల్చును. కాని దాని వెనుకకాలు గాయపడియుండుటచే ఆ పని చేయలేకపోయెను. ఏక్లీ ఎడమచేత దాని గొంతు నొక్కుచు, కుడిచేతిని కొంచెము కొంచెముగా లాగుకొనుచుండెను. దంష్ట్రలు దండనుండి మోచేతికి, మోచేతినుండి ముంజేతికి దిగినవి. చేయి యంతయు నమలబడెను. కడకు చేతిపిడికిలి దాని నోట చిక్కినపుడు, లాగుట మాని, పిడికిలిని గొంతులోనికి త్రోసెను. ఇరువురును నేల గూలిరి. చిరుత క్రింద, అతడు పైన. మోకాళ్ళతో దాని రొమ్మును అదిమెను. ప్రక్కటెముకలు విరిగిన చప్పు డాయెను. క్రమముగా అది కదలిక మానెను. కట్టు కట్టిన చేతితో ఆ చిరుత శవము ప్రక్క అతడు నిలిచిన ఛాయాచిత్రము లోకమున ప్రసిద్ధికెక్కినది.

చికాగోలో నుండగనే అతడు డీలియా అను నామెను పెండ్లాడెను. ఆమె వేటయందును, శిల్పమునందును భర్తతో సమానముగ పాటుపడినది. ఒక అడవిలో నాలుగు ఋతువులందును జింకలు జీవించు విధమును చూపు నాలుగు దృశ్యములను వారు నిర్మించిరి. అందలి ఆకులు వేలకొలది. అన్నియు మైనముతో ఒక్కొక్కటిగా పోసినవి. ఆ కాలముననే ఫీల్డు మ్యూజియము గోడల పైపూత రాలిపోవుచుండెను. దానిని బాగుచేయుటకై ఏక్లీ గాలి ఒత్తిడితో సిమెంటును గోడపై చిమ్ము ఒక యంత్రమును కల్పించెను. నేడు సొరంగములు త్రవ్వుచోట్ల లోపలి గోడలకు సిమెంటు చిమ్ము యంత్రములన్నియు దాని సంతతియే. మ్యూజియపు గోడకై పుట్టిన పనిముట్టు కొండల కడుపులలోనికి పోయినది.

1909వ సంవత్సరమున న్యూయార్కు నగరములోని అమెరికన్ ప్రకృతిశాస్త్ర మ్యూజియమువారు ఏనుగుల గుంపు కావలెనని కోరగా అతడు మరల ఆఫ్రికాకు పోయెను. మరుసటి యేట కెన్యా పర్వతపు వాలున ఒక మదపుటేనుగు అడవిలోనుండి హఠాత్తుగా మీదికి వచ్చెను. తుపాకి పేలలేదు. ఏనుగు దంతములు రొమ్మునకు తాకుచుండగా ఏక్లీ రెండు దంతములను రెండు చేతుల పట్టుకొని వాని నడుమ దూరెను. ఏనుగు అతనిని నేలకు నొక్కి పొడిచెను. దంతములు నేలలోనికి దిగి ఏ బండయో వేరో అడ్డుపడుటచే ఆగిపోయినవి. లేనిచో అతని కథ అంతటితో ముగిసియుండును. ముఖము చీలి, ప్రక్కటెముకలు విరిగి స్పృహ తప్పి పడియుండగా కూలీలు చనిపోయెనని తలచి దూరముగ పోయి కూర్చుండిరి. వానలో, చలిలో గంటల కొలది అతడట్లే పడియుండెను. వార్త విని డీలియా రాత్రివేళ దట్టమైన అడవిలో బెదరుచున్న కూలీలను నడిపించుకొని వచ్చి అతనిని రక్షించెను. ఆమె ఆనాడు రాకున్నచో విరుంగా చరిత్ర మరియొక విధముగ నుండెడిది. ఆమెకు రావలసిన పేరు రాలేదు.

నెలల తరబడి మంచమున పడియున్న ఆ దినములలో అతని మనస్సున ఒక ఆలోచన పెరిగెను. ఆఫ్రికాలో మృగములు వేగముగ తరిగిపోవుచున్నవి. వేటగాండ్రు, తోటలు వేయువారు, రైలుమార్గములు నానాటికి పెరుగుచున్నవి. ఇంకొక తరము నాటికి ఈ దృశ్యములు ఉండకపోవచ్చును. కావున ఒక మహామందిరము కట్టి, నడుమ ఏనుగుల గుంపును, ఇరుప్రక్కల ఆఫ్రికాలోని నానా ప్రదేశములను, అచ్చటి జంతువులతోను చెట్లతోను సహా కన్నులకు కట్టినట్లు నిలుపవలెను. ఇదియే ఆఫ్రికా మందిరము. జీవితశేషమంతయు అతడు దీనికే ధారపోసెను.

ఆ ప్రయాణముననే నందీ జాతివారు ఈటెలతో సింహములను వేటాడుటను సినిమా తీయబూని విఫలుడయ్యెను. ఆనాటి యంత్రములు బరువైనవి, వేగముగ త్రిప్పుటకు వీలులేనివి. గురిపెట్టులోపలనే సింహము వేట ముగిసిపోయెడిది. ఆ చిరాకుతో తానే గుండ్రని యాకారముగల క్రొత్త సినిమా కెమేరాను నిర్మించెను. పరుగెత్తు జంతువు వెంబడి అది సులభముగ తిరుగును. మొదటి ప్రపంచయుద్ధమున సైన్యమువారును, తరువాత వార్తాచిత్రములు తీయువారును దానిని విరివిగా వాడిరి.

1921వ సంవత్సరమున ఏక్లీ ఆఫ్రికా మందిరమునకు గొరిల్లాలను సంపాదించుటకై విరుంగా కొండల కెక్కెను. కొండగొరిల్లా యను జంతువున్నదని పండితులు గుర్తించి అప్పటికి ఇరువదియేండ్లు కాలేదు. అది మనిషిని చూచిన మీదపడి చీల్చునని, దానికంటె క్రూరమృగము లేదని కథలు ప్రచారములో నుండెను. ఏక్లీ వెంట బ్రాడ్లీ దంపతులును, వారి చిన్నపిల్లయు ఉండిరి. అంత చిన్నపిల్లను ఆ కొండకు తీసికొనిపోవుటయే ఆ కథలను అతడెంత నమ్మెనో తెలుపును.

దురదగొండి పొదలలో చేతులు మండుచుండగా, చెట్ల వేళ్ళు పట్టుకొని ప్రాకుచు, ఆయాసముతో మధ్య మధ్య ఆగుచు అతడు గొరిల్లాల జాడ పట్టెను. మొదట ఒక మగ గొరిల్లాను కాల్చెను. అది లోయలోనికి జారిపోవుచు ఒక చెట్టునకు తగుల్కొని నిలిచెను. ఎదురుగ కొండలు, దూరమున పొగలు చిమ్ము అగ్నిపర్వతములు, క్రింద అనంతమైన అడవి. తన జన్మలో చూచిన అందమైన చోటులలో ఇదియే మేలైనదని అతడు భావించెను. ఆ చోట ఆ ప్రాణి పడియుండెను. దాని ముఖమున క్రౌర్యము లేదు. ఎవరికిని కీడు చేయని పెద్దమనిషి ముఖమువలె నుండెను.

తరువాత ఒక ఆడ గొరిల్లా పడినది. దాని వెంట ఒక పిల్ల యుండెను. ఏక్లీ దానిని చేరులోపలనే దారి చూపువారు ఈటెలతో దానిని పొడిచిరి. ఆ పిల్ల కడపటి చూపు అతని మనస్సునుండి తొలగలేదు. శాస్త్రము కొరకు చేయుచున్న పని యని ఎంత సమాధానము చెప్పుకొన్నను, తాను హంతకుడనను తలపును తోసిపుచ్చుటకు ఆ సమాధానము చాలలేదు. పులిని పిడికిలితో చంపినవాడు, ఏనుగు దంతముల నడుమనుండి బయటపడినవాడు, ఒక పిల్ల గొరిల్లా చూపునకు ఓడిపోయెను. మొత్తము ఐదు గొరిల్లాలు మందిరమునకు చాలునని నిశ్చయించి, తుపాకి దించి, తన కెమేరాను చేత పట్టెను. అడవిలో స్వేచ్ఛగా తిరుగు గొరిల్లాల చలనచిత్రము లోకమున మొదట తీయబడినది అప్పుడే. ఆ చిత్రమున అవి ఎవరి మీదను పడవు. ఆకులు నమలుచు, పిల్లలను ఎత్తుకొని, మనిషిని చూచి ప్రక్కకు తొలగిపోవును.

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టును. చంపవలసినవి చంపి, తోళ్ళు మూట కట్టుకొన్న తరువాత కలిగిన దయ దయ యగునా? ఆనాడే కొందరు అట్లనుకొనియుందురు. కాని ఏక్లీ తన యెరుకను ఇంటికి తెచ్చుకొని ఊరకుండలేదు. ఆ కొండలయందలి గొరిల్లాలు చాల కొద్దియని అతడు గ్రహించెను. వేటగాండ్రు ఏటేట వచ్చుచుండిరి. ఇంక కొలదికాలమునకు అవి సమూలముగ నశించునని అతనికి తోచెను. అప్పుడు కాంగో దేశము బెల్జియము రాజ్యము క్రిందనుండెను. ఏక్లీ అమెరికాలోని బెల్జియము రాయబారికిని, పండితులకును, అధికారులకును జాబులపై జాబులు వ్రాసెను. సభలలో మాటలాడెను. ఆ కొండలను వేట నిషిద్ధమైన వనముగ ప్రకటించి, గొరిల్లాల జీవితమును తుపాకి లేకుండ పరిశీలించుటకు అచ్చట వసతి యేర్పరుపవలెనని కోరెను. బెల్జియము రాజైన ఆల్బర్టు 1919వ సంవత్సరమున అమెరికాకు పోయినపుడు అచ్చటి జాతీయవనములను చూచియుండెను. అతని మనస్సు దీనికి అనుకూలముగ నుండెను. 1925వ సంవత్సరము ఏప్రిలు 21వ తేదీని రాజశాసనము వెలువడెను. ఆల్బర్టు జాతీయవనము పుట్టెను.

మొదట ఆ వనము గొరిల్లాలున్న కొండల మేరకే. 1929వ సంవత్సరమున దానిని విస్తరింపజేసి ఎడ్వర్డు సరస్సును, దాని చుట్టునున్న బయళ్ళను చేర్చిరి. ఆ కొండలయందును, బయళ్ళయందును తరతరములుగా పశువులు మేపుకొనుచు, వేటాడుకొనుచు బ్రతికినవారికి ఆ శాసనము చేటు తెచ్చినది. వారిని అడిగినవారు లేరు. నేటికిని ఆ వనపు సరిహద్దులలో కలతలు రేగుటకు అదియు ఒక కారణము. ఏక్లీ చరిత్ర చెప్పునపుడు ఈ సంగతి విడుచుట న్యాయము గాదు.

1926వ సంవత్సరమున ఏక్లీ ఐదవసారి ఆఫ్రికాకు బయలుదేరెను. అప్పటికి అతని వయస్సు 62 ఏండ్లు. డీలియాతో వివాహబంధము తెగిపోయి, 1924వ సంవత్సరమున మేరీ జోబ్ అను పర్వతారోహకురాలిని పెండ్లాడియుండెను. ఈ ప్రయాణమునకు కోడాక్ కెమేరాల యజమానియైన జార్జి ఈస్ట్‌మన్ మొదలగువారు ధనసహాయము చేసిరి. వెంట చిత్రకారులు వచ్చిరి. కెన్యాలో తాను ఇరువది యేండ్ల క్రింద చూచిన మందలు ఎక్కడ? మైళ్ళు నడచినను కొద్ది జంతువులే కానవచ్చెను. ఆ విచారముతోను, ఎడతెగని శ్రమతోను అతని ఆరోగ్యము చెడెను. నైరోబిలో జ్వరముతో మంచము పట్టెను. వైద్యులు చాలించుమనిరి. అతడు వినలేదు. గొరిల్లా దృశ్యమునకు కావలసిన మొక్కలను, రంగుచిత్రములను మికేనో కొండపైనుండియే తేవలెను. క్రొత్త వనమును పరిశీలించుటకు బెల్జియము పండితుడైన డెర్‌షీడ్ కూడ వచ్చియుండెను.

వారు ఉగాండా దేశముమీదుగా ప్రయాణము చేసి నవంబరు నెలలో కొండ యెక్కసాగిరి. వాన విడువలేదు. దారి బురద. ఏక్లీ కొంత దూరము నడచెను. తరువాత కాళ్ళు సాగలేదు. కూలీలు డోలీలో మోసికొని పోయిరి. మికేనో, కరిసింబి కొండల నడుమ కబారా అను చిన్న పచ్చికబయలు కలదు. ఐదేండ్ల క్రిందట అతడు ముచ్చటపడిన ప్రదేశము అదియే. తనకు చావు వచ్చినచో అచ్చటనే పాతవలెనని అతడు కోరియుండెను. అచ్చట గుడారము వేసిరి. వడగండ్లు కురియుచుండెను. నవంబరు 17వ తేదీని ఏక్లీ గుడారములో కన్నుమూసెను. ఈ ప్రయాణమున అతడు గొరిల్లాను చూడనేలేదు.

కొండరాళ్ళను త్రవ్వి సమాధి చేసిరి. మేరీ ఏక్లీ దుఃఖమును దిగమ్రింగి, ఆ చలిలో వారముల తరబడి అచ్చటనే యుండి, మొక్కలు సేకరించి, ఛాయాచిత్రములు తీసి, భర్త తలపెట్టిన పనిని పూర్తి చేయించినది. లీ అను చిత్రకారుడు ఆ దృశ్యమును వ్రాసికొనెను.

ఆఫ్రికా మందిరము 1936వ సంవత్సరమున న్యూయార్కులో తెరువబడెను. దానికి ఏక్లీ పేరే పెట్టిరి. నడుమ ఎనిమిది ఏనుగులు, చుట్టును ఇరువదియెనిమిది దృశ్యములు. వానిలో నొకటి గొరిల్లాలది.

కబారా బయలు తరువాతను నిర్జనము కాలేదు. 1959వ సంవత్సరమున షాలర్ అను యువశాస్త్రజ్ఞుడు ఏక్లీ సమాధి చెంత గుడిసెలో నివసించి, ఏక్లీ కోరినట్లే తుపాకి లేకుండ గొరిల్లాల నడవడిని పరిశీలించెను. 1967వ సంవత్సరమున డయాన్ ఫాసీ అను వనిత తన పని ఆ బయలుననే ప్రారంభించెను. 1969వ సంవత్సరమున వనమునకు విరుంగా అను పేరు వచ్చెను. 1979వ సంవత్సరమున అది ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తింపబడెను.

పిమ్మటి కాలము కఠినమైనది. యుద్ధములు, శరణార్థుల వెల్లువలు, దొంగవేటలు ఆ వనమును పీడించినవి. 1970 ప్రాంతమున దాదాపు ముప్పది వేలున్న నీటిగుఱ్ఱములు 2005 నాటికి వేయికంటె తక్కువయ్యెను. ఎడ్వర్డు సరస్సున పల్లెకారుల వలలలో చేపలును తగ్గినవి. వనమును కాచుచు ప్రాణములు కోల్పోయిన రక్షకభటులు రెండు వందలకు పైబడినారు. వారిలో పెక్కురు ఆ చుట్టుప్రక్కల పల్లెలలో పుట్టినవారే. గొరిల్లాలు మాత్రము, ఎవరును ఊహింపని రీతిగ, పెరిగినవి. 1980 ప్రాంతమున విరుంగా కొండలయందు 250 వరకు ఉండెను. 2015-16 సంవత్సరములలో లెక్కించినపుడు 604 తేలినవి.

న్యూయార్కు మ్యూజియములో ఏక్లీ బృందము తెచ్చిన ఐదు గొరిల్లాలును అద్దము వెనుక నేటికిని నిలిచియున్నవి. వాని వెనుక చిత్రములో దూరమున న్యిరగోంగో, న్యామురగిర పొగలు చిమ్ముచుండును. వానికి నాలుగు ప్రక్కల నున్న మొక్కలు, తీగెలు, నాచు అన్నియు మికేనో కొండమీదనుండి తెచ్చిన మచ్చులను చూచి చేసినవే.